సంగీతము విద్య కాదా?

బద్వేలునకు పడమట కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి మఠము కలదు. దక్షిణమున, రాజంపేట చెంత, అన్నమాచార్యుల జన్మస్థలమగు తాళ్లపాక కలదు. ఒకరు తత్త్వములు, ఒకరు సంకీర్తనములు పాడిరి. ఇరువురును పాడినవారే. వారి పాట వాచకములోనికి వచ్చునప్పటికి నోరు కోల్పోవుచున్నది. ప్రతిపదార్థము మిగులును, మార్కులు మిగులును. పాట మాత్రము మిగులదు.

తిరుమలలో అన్నమయ్య సంకీర్తనములు చెక్కిన రాగిరేకులపై రాగము పేరు కలదు గాని స్వరము లేదు. గత శతాబ్దమున వానిని పరిష్కరించినవారిలో నొకరగు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, పెక్కింటికి తామే స్వరములు కూర్చిరి. వారెవరు? అనంతపురపు సీమవారు, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన పండితులు, 1974లో సంగీతకళానిధి బిరుదమందిన విద్వాంసులు. సాహిత్యమును సంగీతమును ఒక్క తలలో నుండబట్టియే ఆ కార్యము నెరవేరెను. అట్టి తలను మన కళాశాలలు నేడు తయారుచేయగలవా యని మేమడుగుచున్నాము.

ఛందస్సునే చూడుడు. రగడలలో మూడు, నాలుగు, అయిదు, ఏడు మాత్రల నడకలు కలవు. అవియే తాళమున త్ర్యశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్రగతులు. నల్లబల్లపై గుర్తులు గీచి గంటసేపు చెప్పినది, చేత తాళము వేసిన నిమిషములో బోధపడును. ప్రాచీన యూరపు విద్యాలయములు గణిత, రేఖాగణిత, జ్యోతిషముల సరసనే సంగీతమును పఠింపజేసెను. వారు విద్యార్థులందరును గాయకులు కావలెనని కోరలేదు.

"కరవు సీమలో కూటికి లేని పాట యేల?" యని కొంద రందురు. ఈ కరవు సీమయే అన్నమయ్యను కన్నదని వారు మరచిరి. మరియు పాఠశాల నేర్పని విద్య నశింపదు. డబ్బు గలవారి యిండ్లకును, కొన్ని కులముల యిండ్లకును పరిమితమగును. చేనేత వాని బిడ్డ, కూలివాని బిడ్డ వాకిటి వెలుపల నిలిచి వినవలసివచ్చును. ఇదియే మాకు సహింపరాని యన్యాయము.

విజయనగరమున 1919లోనే సంగీత కళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి అధ్యక్షులు. అట్టివి గాయకులను తీర్చుటకు. మేము కోరునది వినగలవారిని. సాహిత్య చరిత్రలు చదువు ప్రతి విద్యార్థికిని సంగీత మొక పాఠ్యాంశము కావలెను. వారమున కొక గంట, ఒక శ్రుతి, ఒక ఉపాధ్యాయుడు. ఊరి భజనపరులను, తత్త్వములు పాడువారిని పిలిచి గౌరవ వేతన మిచ్చినను పని మొదలగును. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలను చదువుతో కలుపవలెనని పలికినది. పలుకు చాలును, ఇక పాట వినిపింపుడు.