కొలతల్లో దొరకని రిసీవర్

అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే మనోళ్ళు చాలామంది "హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట కదా" అంటారు. గుద్దుకోవడం నిజమే. కానీ ఆదివారం రాత్రి పదిన్నరకి నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది ఆ గుద్దులాట కోసం కాదు, వైడ్ రిసీవర్ల కోసం. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. రిసీవర్ పరిగెత్తి, తన మీద కాపలా ఉన్న డిఫెండర్‌ని తప్పించుకుని దాన్ని పట్టుకుంటాడు. మన కబడ్డీ రైడర్‌లాగే అందరి చేతుల్లోంచీ జారిపోవాలి. కాకపోతే ఇక్కడ వెనక్కి రావడం ఉండదు, ముందుకే.

ఈ రిసీవర్ ఎలా ఉండాలి అన్నదాని మీద ఈమధ్య ఒక మాట బాగా నడుస్తోంది. పొడుగోళ్ళ కాలం అయిపోయింది, బక్కోళ్ళ కాలం వచ్చింది అని. నేను దీన్ని సగమే ఒప్పుకుంటా.

ఒప్పుకునే సగం ముందు చెప్తా. 2007లో డెట్రాయిట్ లయన్స్ జట్టు డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌తో కాల్విన్ జాన్సన్‌ని తీసుకుంది. 6 అడుగుల 5 అంగుళాల ఎత్తు, 107 కిలోల పైన బరువు, 40 గజాల పరుగు 4.35 సెకన్లలో. ముద్దుపేరు మెగాట్రాన్. ముగ్గురు చుట్టుముట్టినా సరే, బంతి గాల్లోకి వేసేస్తే ఎగిరి అతనే తెచ్చుకునేవాడు. 2012లో 1,964 గజాలు సాధించాడు. అప్పటికి ఒక్క సీజన్‌లో అన్ని గజాలు ఎవరూ చేయలేదు. ఆ రోజుల్లో రిసీవర్ అంటే అందరి బుర్రలో ఉన్న బొమ్మ అతనే.

ఇప్పుడు డెవాంటా స్మిత్‌ని చూడండి. 2020లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. డ్రాఫ్ట్ ముందు బరువు చూస్తే 75 కిలోలు! మన హాస్టల్ మెస్‌లో తిని కూడా అంత బరువున్నవాళ్ళు బోలెడుమంది. ఈ ఒంటితో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎలా నెగ్గుతాడని తెగ చర్చ జరిగింది. ఫిలడెల్ఫియా ఈగల్స్ మాత్రం 2021లో పదో పిక్‌తో తీసుకుంది. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో 46 గజాల టచ్‌డౌన్ పట్టింది అతనే.

ఇది ఫ్యాషన్ మారినట్టు మారలేదు, రూల్స్ మార్చాయి. 1978లో ఒక నిబంధన వచ్చింది: మొదటి ఐదు గజాలు దాటాక డిఫెండర్ రిసీవర్‌ని పట్టుకోకూడదు, తొయ్యకూడదు. 2004 నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు. తర్వాత, బంతి అందుకుంటూ తనని తాను కాపాడుకోలేని స్థితిలో ఉన్నవాడి తల మీద గుద్దితే పెనాల్టీ అన్నారు. అంతకుముందు మైదానం మధ్యలోకి వెళ్ళడమంటే బక్కోడికి ఆసుపత్రి దారే. ఆ భయం కొంత తగ్గేసరికి చిన్న చిన్న పాస్‌లు పెరిగాయి. దాంతో "ఎంత ఎత్తుకి ఎగరగలడు" అన్న ప్రశ్న పక్కకెళ్ళి, "రెండున్నర సెకన్లలో ఖాళీ దొరకబుచ్చుకోగలడా" అన్నది ముందుకొచ్చింది.

ఇక ఒప్పుకోని సగం. పొడుగోళ్ళ కాలం నిజంగా అయిపోతే మైక్ ఎవాన్స్ ఎవరు మరి? అతనూ 6 అడుగుల 5 అంగుళాలే. 2014 నుంచి 2024 దాకా వరసగా పదకొండు సీజన్లు వెయ్యి గజాలు దాటాడు. అంటే ఒక సైజు పోయి ఇంకో సైజు రాలేదు. పనే మారింది. కొత్త పనికి కావాల్సింది టేపుకీ స్టాప్‌వాచ్‌కీ దొరకదు.

దీనికి నా ఫేవరెట్ ఉదాహరణ 2017 డ్రాఫ్ట్. జాన్ రాస్ 40 గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తాడు, అప్పటికి అది రికార్డు. తొమ్మిదో పిక్‌కి వెళ్ళిపోయాడు. అదే డ్రాఫ్ట్‌లో కూపర్ కప్ 4.62 పరిగెత్తాడు, 69వ పిక్ దాకా ఆగాల్సొచ్చింది. రాస్ ఒక్క సీజన్‌లో కూడా 600 గజాలు దాటలేదు. కప్ 2021లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో మూడింట్లోనూ లీగ్ మొత్తానికి మొదటివాడు. ఆ సీజన్ సూపర్ బౌల్ ఎంవీపీ కూడా.

కప్ దగ్గర ఏముంది? చాలా ప్లేల్లో రిసీవర్ ఎటు తిరగాలన్నది ముందే ఫిక్స్ అయి ఉండదు. పరిగెత్తుతూనే డిఫెన్స్‌ని చదివి నిర్ణయించుకోవాలి. అవతల క్వార్టర్‌బ్యాక్ కూడా అదే చూసి, అదే నిర్ణయానికొచ్చి, రిసీవర్ తిరగకముందే బంతి వదలాలి. మన సీఎస్ఈ భాషలో, రెండు మెషీన్లు ఒక్క మెసేజ్ కూడా పంపుకోకుండా ఒకే ఆన్సర్‌కి రావాలి, అదీ సెకనులోపు. (మన డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో మెసేజ్‌లు పంపుకుంటూ కూడా రావు, అది వేరే సంగతి.) దీన్ని ఏ స్టాప్‌వాచ్ కొలుస్తుంది? ఇంకా, పక్కవాడు బంతితో పరిగెత్తుతుంటే అతని కోసం డిఫెండర్లకి అడ్డం పడాలి. డీబో శామ్యూల్ లాంటివాళ్ళయితే తామే రన్నింగ్ బ్యాక్‌లా బంతి తీసుకుని దూరాలి. 2021లో అతను అలా పరుగుతోనే 8 టచ్‌డౌన్లు చేశాడు.

"సైజు ముఖ్యం కాదు" అని సంబరపడేవాళ్ళతో నా పేచీ ఈ అడ్డం పడే పని దగ్గరే. హ్యూస్టన్ టెక్సన్స్ 2023లో మూడో రౌండ్‌లో తీసుకున్న ట్యాంక్ డెల్ 5 అడుగుల 8 అంగుళాలు, 75 కిలోలు. మొదటి సీజన్‌లో అదరగొడుతున్నాడు. ఆ డిసెంబర్‌లో, గోల్ లైన్ దగ్గర వేరేవాడి పరుగు కోసం బ్లాక్ చేస్తూ కుప్పలో ఇరుక్కుని కాలు విరిగింది. తర్వాతి ఏడాది డిసెంబర్‌లో టచ్‌డౌన్ పట్టుకుంటూ మోకాలు దెబ్బతింది. బక్కోడి వేగం కావాలి, బలిసినోడి పనీ చేయాలి అంటే ఆ తేడా ఎవరి ఎముకలు భరిస్తాయి? కోచ్‌వి కాదు కదా.

డబ్బు లెక్క కూడా అంతే. అమాన్-రా సెయింట్ బ్రౌన్ 2021లో నాలుగో రౌండ్ దాకా ఆగాడు. తనకంటే ముందు ఎంపికైన 16 మంది రిసీవర్ల పేర్లు ఇప్పటికీ గడగడా చెప్తాడు. 2023లో లాస్ ఏంజెలెస్ రామ్స్ ఐదో రౌండ్‌లో 177వ పిక్‌తో తీసుకున్న నకూవా ఆ ఏడాదే 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో రెండు రూకీ రికార్డులూ బద్దలుకొట్టాడు. కొలిచినవాళ్ళ అంచనా తప్పింది. కానీ లీగ్ ఒప్పందం ప్రకారం డ్రాఫ్ట్ అయినవాడు మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కొత్త కాంట్రాక్టు మాట్లాడుకోవడానికి లేదు. రికార్డులు కొట్టిన ఏడాది కూడా నకూవాకి వచ్చింది ఐదో రౌండ్ జీతమే.