సేన మెచ్చిన సేనాని

సైన్యములో ఒక అధికారికి పదోన్నతి కలిగినదను వార్త పత్రికలలో నాలుగు పంక్తులను మించి చోటు ఆక్రమింపదు. ఆ నాలుగు పంక్తులనైనను శ్రద్ధగా చదువువారు, ఆ అధికారి బంధువులును, ఆయన క్రింద పనిచేసిన జవానులును తప్ప, తరచుగా ఉండరు. దీనికి మన దేశచరిత్రలో గొప్ప మినహాయింపు ఒకటి కలదు. 1957 మే నెలలో జనరల్ కొడందేర సుబ్బయ్య తిమ్మయ్య భారత స్థలసేనకు అధిపతియైనప్పుడు ఆ వార్త సైనికనివాసముల గోడలు దాటి బజారులలోనికి వచ్చెను. ఆయనను ఎన్నడును కన్నులజూడనివారు సైతము తమ యింటివానికి పట్టము గట్టినట్లు సంతోషించిరి. తోడి అధికారులు ‘టిమ్మీ’ యని ముద్దుపేరుతో పిలుచుకొనిన ఆ కొడగు వీరునికి అప్పటికి 51 ఏండ్లు.

ఆ సంతోషమును నేడు మరల తలచుకొనుటకు కారణమున్నది. క్రొత్త సేనాధిపతి పేరు వెలువడినప్పుడెల్ల ఆయన ఏ ప్రాంతమువాడు, ఎవరిని దాటి వచ్చెను, ఎవరికి సన్నిహితుడు అను ప్రశ్నలతోనే మనము ప్రొద్దుపుచ్చుచున్నాము. సైనికులు మెచ్చిన మనుష్యుని పీఠమెక్కించిన పిమ్మట ఆయన మాటకు ఆ పీఠమునకు తగిన విలువ నిచ్చుచున్నామా అని అడుగువారు అరుదు. పీట వేసి విస్తరి వేయకుండుట అతిథికి ఎంత అవమానమో, పదవి నిచ్చి సలహాను పెడచెవిని పెట్టుట సేనానికి అంత అవమానము; అతిథికి కలిగిన అవమానము ఆ యింటితో పోవును, సేనానికి కలిగిన అవమానమునకు సరిహద్దులోని జవాను మూల్యము చెల్లించును. తిమ్మయ్య జీవితమునుండి నేను గ్రహించిన ముఖ్యవిషయమిది.

ఆ జీవితముతో తెలుగునేలకు చుట్టరికము లేకపోలేదు. 1906లో మడికేరిలో జన్మించి, డెహ్రాడూన్ సైనిక కళాశాలలోను, పిదప ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌లోను శిక్షణ పొంది, 1926లో అధికారియైన తిమ్మయ్యకు స్వంత యిల్లువంటిది 19వ హైదరాబాదు రెజిమెంటు. నిజాము కొలువులో ఆంగ్ల రెసిడెంటుగా నుండిన హెన్రీ రస్సెల్ కూర్చిన పటాలములకు వారసత్వముగా వచ్చిన ఆ రెజిమెంటు, కాలక్రమమున కుమావూన్ కొండలవారిని, జాట్లను, అహీరులను తనలో చేర్చుకొని, 1945లో కుమావూన్ రెజిమెంటని పేరు మార్చుకొనెను. తిమ్మయ్యకు ముందు సేనాధిపతిగా నుండిన జనరల్ శ్రీనగేశ్‌గూడ ఆ రెజిమెంటువాడే. పదవీవిరమణానంతరము ఆయన హైదరాబాదులోని బెల్లా విస్టాలో నెలకొనిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి తొలి ప్రిన్సిపాలై, 1962లో ఆంధ్రప్రదేశ్ గవర్నరయ్యెను. హైదరాబాదు పేరు మోసిన పటాలమునుండి ఒకరి వెంట నొకరుగా ఇద్దరు సేనాధిపతులు వచ్చిరను సంగతి మనలో ఎందరికి తెలియును?

యౌవనమున అలహాబాదులో నుండిన రోజులలో, పరాయి ప్రభుత్వపు దుస్తులు ధరించి కొలువు చేయుట తగునా అను సంశయము ఆయనను పీడించెననియు, కొలువు విడువదలచిన ఆయనను, ఆయన తోడి యువకులను మోతీలాల్ నెహ్రూ వారించి, రేపు స్వతంత్రమగు దేశమునకు శిక్షితులైన సైనికులు వలయునని నచ్చజెప్పెననియు ఆయన జీవితకథ వ్రాసినవారు చెప్పుదురు. ఈ సంగతి చదువరులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ముప్పదియేండ్ల పిదప కుమారునకును అదే పని పడెను.

రెండవ ప్రపంచయుద్ధమున బర్మాలోని అరకాను తీరమున, 1945 జనవరిలో, కంగా అను చోట జరిగిన ఘోరసంగ్రామములో మూడు బెటాలియన్లను నడిపినవారు ముగ్గురును భారతీయులే: తిమ్మయ్య, థోరట్, సేన్. ముగ్గురికిని డి.ఎస్.ఓ. పతకములు వచ్చెను. పిమ్మట తిమ్మయ్యకు బ్రిగేడు లభించెను. ఆ యుద్ధమున రణరంగములో పదాతి బ్రిగేడును నడిపిన భారతీయుడు ఆయన యొక్కడే. ఆ కాలముననే ఆయన సోదరుడు ఆజాద్ హింద్ ఫౌజులో నుండెను. ఒక్క తల్లి బిడ్డలు ఎదురెదురు పక్షములలో నిలిచిన ఆ దినములలో ఆ గృహము అనుభవించిన క్షోభను వర్ణించుటకు నాకు మాటలు చాలవు.

అయినను తిమ్మయ్య పేరు జనుల నోట నిలిచినది కాశ్మీరమువలన. 1948లో శ్రీనగరు డివిజనుకు అధిపతిగా నుండిన కాలమున లేహ్ పట్టణము నేడో రేపో పడిపోవు స్థితిలో నుండెను. మే 24వ తేదీన, అంత యెత్తైన శిఖరముల మీదుగా ఎగురుటకు నిర్మింపబడని డకోటా విమానమును ఎయిర్ కమడోర్ మెహర్ సింగు నడుపగా, సింధునది యొడ్డున ఇసుకపర్రలో హడావుడిగా చదును చేసిన పట్టెమీద దిగిన ఆ తొలి విమానములో తిమ్మయ్యయు ఉండెను. ముందుగా వేరొకని పంపి, క్షేమవార్త విన్న పిదప తాను వెళ్లవచ్చును. ఆయన అట్లు చేయలేదు.

జోజిలా కథ ఇంతకంటె విస్తరించి చెప్పదగినది. 11,500 అడుగులకు మించిన యెత్తున నున్న ఆ కనుమ లడఖునకు ద్వారము. దానికి రెండు ప్రక్కల గుట్టలపై శత్రువు తిష్ఠవేసికొని, బండల మాటునుండి మరతుపాకులతో దారిని కాచుచుండెను. సెప్టెంబరులో పదాతిదళము చేసిన దాడులు విఫలములయ్యెను. ఇక శీతకాలము వచ్చి కనుమ మంచుతో పూడిపోయిన యెడల లేహ్‌లోని మనవారికి దిక్కులేదు. అప్పుడు టాంకులను పైకెక్కించుటకు నిశ్చయము జరిగెను. 7వ కావల్రీకి చెందిన స్టూవర్టు టాంకుల ఫిరంగిగోపురములను ఊడదీసి, వానిపై గుడ్డలు కప్పి, శ్రీనగరులో కర్ఫ్యూ విధించి, వేగులవారి కంటబడకుండ కొండల అడుగునకు చేర్చిరి. మద్రాసు సాపర్స్, అనగా మన దక్షిణదేశపు ఇంజనీరు సైనికులు, కంచరగాడిదలు నడచు బాటను పగులగొట్టి, వెడల్పుచేసి, ఇనుపచక్రములు నడచుటకు యోగ్యముగా చేసిరి. నవంబరు 1వ తేదీన, మంచుకురియు వాతావరణములో, ఆ టాంకులు కనుమలోనికి ప్రవేశించెను. అంత యెత్తున టాంకులు వచ్చి మీదబడునని శత్రువు కలలోనైనను ఊహింపలేదు. బండల వెనుక నుండినవారు బెదరి స్థానములు విడిచి పోయిరి. ఆ మాసము ముగియకముందే ద్రాస్, కార్గిల్ మన వశమై లేహ్ దారి తెరువబడెను. తొలి టాంకులలో ఒకదానియందు డివిజను అధిపతియైన తిమ్మయ్య స్వయముగా కూర్చుండి యుండెను.

మేజర్ జనరల్ ఉండవలసిన చోటు అది కాదని యుద్ధశాస్త్రము చదివినవారు ఆక్షేపింపవచ్చును. సామాన్యకాలమున ఆ ఆక్షేపణ సరియైనదే. కాని ఆనాడు ఆ యంత్రములు ఆ యెత్తున కదలునో కదలవో, ఆ క్రొత్తబాట వాని బరువును మోయునో మోయదో నిశ్చయముగా ఎరిగినవారు లేరు. తానెరుగని దారిలోనికి ఇతరులను పంపుటకంటె తానును వారితో పోవుట మేలని ఆయన తలచెను. జవాను అధికారిని ప్రేమించుటకు కారణము ఇట్టి చోటనే వెదకవలెను. పండుగనాడు మిఠాయి పంచినందువలనగాని, శిక్షలు సడలించినందువలనగాని పుట్టిన అభిమానము మొదటి తూటా మ్రోగువరకే నిలుచును. మంచులో ప్రక్కన కూర్చున్నవానిమీద పుట్టిన అభిమానము బిడ్డలకు కథలుగా చెప్పబడి తరములు నిలుచును.

1953లో కొరియా యుద్ధానంతరము, స్వదేశములకు మరలుటకు నిరాకరించిన ఇరువది రెండు వేలకు పైబడిన యుద్ధఖైదీల వ్యవహారమును పరిష్కరించుటకై ఏర్పడిన తటస్థదేశముల సంఘమునకు అధ్యక్షుడుగా ఆయనను పంపిరి. రెండు పక్షములును అనుమానించుచుండగా నెలల తరబడి ఓర్పుతో ఆ పని నెరవేర్చి వచ్చుటచే, కత్తి పట్టిన చేతికి త్రాసు పట్టుటయు తెలియునని లోకమునకు రుజువయ్యెను.

1957 నియామకమున ఇద్దరు జ్యేష్ఠాధికారులను దాటి ఆయనను ఎన్నుకొనిరను సత్యమును దాచనక్కరలేదు. కనుక తిమ్మయ్యను మెచ్చువారు ‘జ్యేష్ఠతయే పరమధర్మము’ అని వాదించుటకు వీలులేదు. నేను ఆ వాదము చేయుటలేదు. జ్యేష్ఠతను దాటదలచిన ప్రభుత్వము దాటుటకు తగిన కారణమును లోకమునకు చూపగలిగియుండవలెను. తిమ్మయ్య విషయమున ఆ కారణము కంగాలోను, జోజిలాలోను, కొరియాలోను అందరికిని కనబడినది. ఆ యెన్నిక సరియైనది.

ఎన్నుకొనినవారే ఆయనను నమ్మలేకపోవుట తరువాతి విషాదము. 1958 అక్టోబరులో పొరుగుదేశమైన పాకిస్తానులో సేనాధిపతి అయూబ్ ఖాన్ అధికారమును హస్తగతము చేసికొనెను. అది మొదలు సైనికులు ప్రేమించు సేనానిని చూచినచో ఢిల్లీలోని కొందరికి గుండెలు ఝల్లుమన నారంభించెను. రక్షణమంత్రి కృష్ణమీనన్‌తో పొరపొచ్చెములు పెరిగెను. ఉన్నతపదవులకు అధికారులను ఎన్నుకొనుటలో సేనాధిపతి అభిప్రాయమునకు విలువ తగ్గెను. రణరంగమున పదాతిదళమును నడిపిన అనుభవములేని బి.ఎం. కౌల్‌ను లెఫ్టినెంట్ జనరలుగా చేయుట ఆ వివాదములకు పరాకాష్ఠ. 1959 ఆగస్టు 25న ఈశాన్య సరిహద్దులోని లోంగ్జూవద్ద చీనా సైనికులు కాల్పులు జరిపిరి. ఆ వారములోనే, ఆగస్టు 31న, పదవి స్వీకరించి రెండేండ్ల నాలుగు మాసములు నిండకముందే, తిమ్మయ్య రాజీనామా సమర్పించెను.

ఈ ఘట్టమును కొంచెము నిలిచి చూడవలెను. సేనయంతయు ఎవని వెనుక నుండెనో, ఎవని మాటకు బెటాలియన్లు కదలునో, ఆ మనుష్యుడు తన అసమ్మతిని తెలుపుటకు చేపట్టిన ఆయుధము ఒక్క కాగితము. జవహర్లాల్ నెహ్రూ పిలిపించి, దేశము క్లిష్టస్థితిలో నున్నదని చెప్పి, రాజీనామాను ఉపసంహరించుకొమ్మని కోరగా ఆయన తలయొగ్గెను. తండ్రి ఒకనాడు కొలువు విడువవలదనెను. కొడుకు మరియొకనాడు విడువవలదనెను. రెండుమారులును ఆయన విధేయుడయ్యెను. సెప్టెంబరు 2న పార్లమెంటులో ప్రధాని ఆ భేదాభిప్రాయములు స్వల్పములనియు, స్వభావభేదమువలన కలిగినవనియు చెప్పి, సైన్యముపై పౌరప్రభుత్వమునకే పైచేయి యని ఉద్ఘాటించెను. పౌరాధికారము సర్వోన్నతమనుటలో నాకు లేశమైన సందేహము లేదు. అది లేని దేశముల గతి మన ఇరుగుపొరుగులనే చూచుచున్నాము. కాని ఆ సూత్రమును శిరసావహించినవానికే దానిని పాఠముగా చెప్పి, అతడు లేవనెత్తిన మూలప్రశ్నను మాత్రము ప్రక్కకు నెట్టుట న్యాయము కాదు. రాజీనామా వ్రాసి, వెనుకకు తీసికొని, పార్లమెంటులో చులకనయైన సేనాధిపతి మాట ఆపైన ఎవరికి పనికివచ్చును?

పనికిరాలేదు. కంగాలో ప్రక్కన పోరాడిన థోరట్ అప్పటికి తూర్పు సేనాధిపతి. 1959 అక్టోబరులో ఈశాన్య సరిహద్దు రక్షణను గూర్చి ఆయన సిద్ధపరచిన నివేదికను తిమ్మయ్య పైకి పంపినను, మంత్రి దానిని లెక్కచేయలేదు. 1961 మేలో పదవి విడుచునప్పుడు తన స్థానమున థోరట్‌ను నియమింపుమని తిమ్మయ్య సూచించెను. ప్రభుత్వము థాపర్‌ను నియమించెను. థాపర్ జ్యేష్ఠుడగుటచే ఆయన హక్కును కాదనలేము. కాని రెండేండ్లు తిరుగకముందే, 1962 అక్టోబరు నవంబరులలో, ఈశాన్య సరిహద్దున కౌల్ నాయకత్వమున నుండిన సేన చెదరిపోయెను; నూలుబట్టలతో, చాలీచాలని తూటాలతో జవానులు హిమాలయమున ప్రాణములు విడిచిరి. కృష్ణమీనన్, థాపర్, కౌల్ ఒకరి తరువాత నొకరు పదవులు వీడిరి. థోరట్ ఉండినచో ఫలితము మారియుండునని ప్రమాణము చేసి చెప్పలేను. హెచ్చరిక ముందుగా అందినదనియు, అందించినవాడు దేశము తానుగా కోరి గద్దెనెక్కించిన మనుష్యుడే యనియు మాత్రము చెప్పగలను.

పరాజయానంతరమును తిమ్మయ్య తన పూర్వవాదములు నెగ్గెనని ఎగసిపడలేదు. 1964లో ఐక్యరాజ్యసమితి పిలుపు రాగా సైప్రస్ ద్వీపమున గ్రీకులకును తురుష్కులకును నడుమ నిలిచిన శాంతిసేనకు అధిపతిగా వెళ్లి, 1965 డిసెంబరు 18న అక్కడ విధినిర్వహణలోనే గుండెపోటుతో మరణించెను. మరుసటి సంవత్సరము సైప్రస్ ప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వెలువరించెను.

మడికేరిలో ఆయన పుట్టి పెరిగిన ‘సన్నీ సైడ్’ అను ఇల్లు 2021 ఫిబ్రవరి నుండి స్మారక ప్రదర్శనశాలగా ఉన్నది. కాఫీతోటలకును జలపాతములకును కొడగు వెళ్లు తెలుగు కుటుంబములు నేడు వేలకొలది. వెళ్లినవారు ఒక పూట ఆ యింటికిగూడ పోయి, హైదరాబాదు పటాలమున పెరిగిన ఆ సేనాని కథను తమ బిడ్డలకు వినిపింపవలెనని నా ప్రార్థన.