బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలిగిందా?

వరికోతల రోజుల్లో నవీపేట, బోధన్ దారుల్లో పొద్దుగూకాక ప్రయాణించేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ముందు ఏదో నల్లగా కదులుతుంటుంది. బాగా దగ్గరికెళ్తే గానీ అది ధాన్యం బస్తాల ట్రాలీ అని తెలీదు. ట్రాక్టరు ముందు లైట్లు జిగేల్‌మంటుంటాయి. వెనక ఎర్రలైటు జాడే ఉండదు.

'మొన్ననే కొత్త బల్బులు వేయించా' అంటాడు యజమాని. నిజమే కావచ్చు. తప్పు బల్బుల్లో ఉంటేగా!

ట్రాలీ లైట్లకు కరెంటు ట్రాక్టరు బ్యాటరీ నుంచే వెళ్తుంది. మధ్యలో వారధి ఏడు పిన్నుల సాకెట్టు. ఇండికేటర్లకూ వెనక లైట్లకూ బ్రేకు లైటుకూ పోగా అందులో ఒక పిన్ను ఎర్త్‌ది. వెళ్లిన కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి అది. ఐఎస్‌ఓ 1724 ప్రమాణం ప్రకారం దానిది తెల్లతీగ. అయితే షెడ్డులో చేతికందిన తీగ వేసేస్తుంటారు కాబట్టి రంగును నమ్ముకోవద్దు.

కొన్ని ట్రాలీలకు అసలా తీగే ఉండదు. ఇనుముకు ఇనుము తగులుతోంది కదా అని హుక్కుకే వదిలేస్తారు. అక్కడేమో గ్రీజు, మట్టి, తుప్పు. కుదుపుకోసారి అంటుకుంటుంది, ఇంకోసారి వదిలేస్తుంది. షెడ్డులో వెలిగిన లైటు రోడ్డెక్కగానే ఆరిపోవడంలో మర్మం చాలాసార్లు ఇదే.

దీన్ని పట్టుకోవడం తేలికే. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్లూ మసకగా వెలిగాయా? ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా కొట్టుకుందా? ఎర్త్ తెగిన కరెంటు పక్క బల్బుల్లోంచి దూరి, ట్రాక్టరు బల్బుల మీదుగా వెనక్కి వెళ్తోందన్నమాట. ఓ పొడవాటి తీగ తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ట్రాలీ మీద రంగు గీకిన ఇనుముకు తగిలించి చూడండి. లైట్లు నిండుగా వెలిగితే దొంగ దొరికినట్టే. సాకెట్టు ఎర్త్ పిన్ను నుంచి ట్రాలీ చాసిస్‌కు లావుపాటి తీగ బోల్టుతో బిగించేస్తే సరి. పిన్నులకు పట్టిన చిలుమును గరుకు కాగితంతో రుద్దడం మరవొద్దు.

అయినా వెలగకపోతే టెస్ట్ ల్యాంపుతో సాకెట్టు చూడాలి. అక్కడిదాకా కరెంటు వస్తుంటే లోపం ట్రాలీ వైపు, రాకపోతే ట్రాక్టరు వైపు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఎక్కడో తీగ ఒరుసుకుని ఇనుముకు తగులుతోందని. ట్రాలీ పైకి లేచే మడత దగ్గర ముందు వెతకండి. ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టె రేకు చుట్టే తెలివి మాత్రం వద్దు, మంటలు అంటుకుంటాయి. పెద్ద లారీ బల్బు అడిగి తెచ్చుకోవడమూ దండగే. అది 24 వోల్టులది, ట్రాక్టరుది 12.

బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు లోడ్లకు దూరాలు పెరిగాయి. దూరం పెరిగితే రాత్రి ప్రయాణమూ తప్పదు. టైరు పేలి దారి పక్కన ఆగిన ట్రాలీకి, ప్లగ్గు ఊడదీస్తే ఏ లైటూ ఉండదు. అప్పుడు వెనక వచ్చేవాడికి కనిపించేది ఎర్ర రిఫ్లెక్టర్లే. వాటికి కరెంటు అక్కర్లేదు. పొలం మట్టి మీద పడి కప్పేస్తుంది కాబట్టి, బయల్దేరే ముందు ఓ గుడ్డముక్కతో తుడిస్తే చాలు.