భయపెట్టే ముందు అడగాలి

"మావయ్యా, సినిమాల్లో నీకు దేనికి భయమేస్తుంది?"

ఆదివారం భోజనం చేసి నడుం వాల్చబోతుంటే మా మేనకోడలు వీడియో కాల్‌లో వేసిన ప్రశ్న ఇది. బ్రిటన్‌లో ఎ-లెవెల్ చదువుతోంది. అంటే మన ఇంటర్ లాంటిదన్నమాట. మీడియా స్టడీస్ ఒక సబ్జెక్టు. ప్రాజెక్టు కింద స్లాషర్ సినిమాకి ట్రైలర్ తీయాలట. ముసుగేసుకున్నవాడు కత్తి పట్టుకుని కుర్రకారుని ఒక్కొక్కరినే వేసేసే సినిమాలు చూశారు కదా, అవే స్లాషర్లు. సినిమా ఉండదు, ట్రైలర్ మాత్రం ఉంటుంది.

"ఆడపిల్లవి, ఈ కత్తులేంటి, నెత్తురేంటే?" అని వెనకనుంచి మా అక్క గొణుగుడు వినిపిస్తూనే ఉంది.

నేను 'అన్వేషణ' పేరు చెప్పాను. 1985లో వంశీ తీసిన ఆ సినిమాలో హంతకుడు కనబడినప్పటి కంటే, అడవిలో ఎవరూ కనబడనప్పుడే నాకు చేతులు చల్లబడ్డాయి. అమ్మాయి బుద్ధిగా రాసుకుంది. టీచర్ షరతు అదేనట. కెమెరా పట్టే ముందు ప్రేక్షకుల్ని అడగాలి, వాళ్లు చెప్పినదాన్నిబట్టి ఏం మార్చుకున్నావో చూపించాలి.

అప్పటికే ఒక సర్వే చేసేసింది. 'హారర్ ఇష్టమా? రక్తం ఉండాలా? ముసుగు ఉండాలా?' అన్నీ అవును, కాదు ప్రశ్నలే. నింపింది క్లాసులో స్నేహితులు. అందరూ అన్నిటికీ అవునన్నారు. పెళ్లి భోజనం ఎలా ఉందని పెళ్లికూతురి తండ్రి అడిగితే ఎవరైనా ఏమంటారు? ఇదీ అంతే.

"నీ సినిమాకి ఏ సర్టిఫికెట్?" అనడిగాను.

"18 మావయ్యా. బోల్డంత రక్తం ఉంటుంది."

"నువ్వు అడిగిన వాళ్ల వయసెంత?"

రెండు క్షణాలు మాట్లాడలేదు. "పదిహేడు" అంది. అక్కడి సెన్సారు బోర్డు బీబీఎఫ్‌సీ 18 ఇచ్చిందంటే ఆ వయసు నిండనివాళ్లని హాల్లోకి రానివ్వరు. టికెట్ కొనలేనివాళ్లని అడిగి సినిమా అమ్మబోతోంది మా పిల్ల! పైగా ట్రైలర్ చూడ్డానికని ఎవరూ హాలుకి రారు. వేరే సినిమాకి వచ్చినవాళ్ల ముందు అది వచ్చి పడుతుంది. అందుకే ట్రైలర్లలో రక్తం విషయంలో అక్కడ పట్టింపు ఎక్కువ. అప్పటికప్పుడు 18 కాస్తా 15 అయింది. రక్తం సగం తగ్గింది.

రెండోసారి పద్ధతి మార్చింది. పాత ట్రైలర్లు వేసి, తెర వైపు కాకుండా చూసేవాళ్ల మొహాల వైపు చూస్తూ కూర్చుంది. ఎవరు ఎక్కడ కళ్లు మూసుకున్నారు, ఎక్కడ ఫోన్ తీశారు, అంతా రాసుకుంది. కత్తి కనబడ్డాక చాలామంది తేలిగ్గా ఊపిరి తీసుకున్నారట. భయమంతా అంతకు ముందే. పరుగెత్తుతూ కాలు జారి పడే అమ్మాయి తెరమీదికి రాగానే ఆడపిల్లలు నవ్వేశారట. "ఇంకెన్నాళ్లు పడుతుంది?" అందట ఒకమ్మాయి.

ఇది కొత్త విద్యేం కాదు. 'హాలోవీన్' (1978) తీసిన జాన్ కార్పెంటర్ సంగీతమూ శబ్దాలూ వేయకముందే ఆ సినిమాని ఒక స్టూడియో ఉద్యోగినికి చూపించాడు. ఆమెకి అస్సలు భయం వేయలేదు. దాంతో సంగీతంతోనే సినిమాని కాపాడుకోవాలని పట్టుబట్టి, ఆ పియానో బాణీ తనే కట్టాడు. కొన్ని నెలల తర్వాత అదే సినిమా ఆమెకి నచ్చేసింది. అడిగింది ఒక్కరినే అయినా, ఆ జవాబుని దాటవేయలేదాయన. 'పారానార్మల్ యాక్టివిటీ' వాళ్లయితే 2009లో హాల్లో జనం అదిరిపడటాన్నే ట్రైలర్‌లో పెట్టేశారు.

"మరి మీ అమ్మని అడిగావా?" అన్నాను.

"అమ్మ హారర్ చూడదు కదా. టార్గెట్ ఆడియెన్స్ కాదు."

"సినిమా గురించి అడక్కు. ఎప్పుడు భయమేసింది అని అడుగు."

మా అక్క వృద్ధుల హోమ్‌లో నైట్ డ్యూటీ చేస్తుంది. చలికాలంలో అక్కడ ఉదయం ఏడున్నరకి కూడా చీకటే. బస్సు దిగి ఇంటికి పది నిమిషాల నడక. "వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే ఫోను చెవి దగ్గర పెట్టుకుంటా. 'ఆఁ, వచ్చేశానే, తలుపు తియ్' అని నీతో మాట్లాడుతున్నట్టు నటిస్తా. నిజంగా చేసి నిన్ను లేపడం ఎందుకని" అందట కూతురితో.

ఆ రాత్రి మేనకోడలు మళ్లీ ఫోన్ చేసింది. గొంతు మారిపోయింది. "మావయ్యా, ఇన్నాళ్లూ నాకు తెలీదు. ఇది ట్రైలర్‌లో పెట్టొచ్చా? అమ్మ భయాన్ని మార్కులకి వాడుకున్నట్టు ఉండదూ?"

దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదన్నాను. అమ్మనే అడిగింది. మా అక్క కాసేపు ఆలోచించి, "పెట్టుకో. కానీ చివర్లో ఆ పిల్లని చంపకు" అందట.

ట్రైలర్ నేనూ చూశాను. ఖాళీ వీధి. ఒకమ్మాయి ఫోన్‌లో నవ్వుతూ తెలుగులో మాట్లాడుకుంటూ నడుస్తుంటుంది. వెనక అడుగులు. కెమెరా దగ్గరికెళ్తే ఫోన్ తెర నల్లగా ఉంటుంది, అవతల ఎవరూ లేరు. అడుగులు ఆగిపోతాయి. అప్పుడు ఆ ఫోను మోగుతుంది. కత్తి లేదు, చుక్క రక్తం లేదు.

క్లాసులో వేస్తే ఒకబ్బాయి "ఏమీ జరగలేదుగా" అన్నాడట. అమ్మాయిలు మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత ఒకమ్మాయి దగ్గరికొచ్చి, "నేనూ అలాగే చేస్తా" అందట. ఆ అబ్బాయి మాట కూడా ప్రాజెక్టు ఫైల్లో రాసింది మా పిల్ల. నచ్చిన జవాబులే రాసుకుంటే అది పరిశోధన ఎందుకవుతుంది?

మన దగ్గరా ఇప్పుడు ప్రతి కాలేజీలో షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. తీసేశాక "ఎలా ఉందిరా?" అని స్నేహితుల్ని అడుగుతారు. "కేక" అంటారు వాళ్లు. తీయకముందు అడగండి. ఇష్టమా అని కాదు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు అని అడగండి. మీ సినిమా చూడరనుకున్న వాళ్లని కూడా అడగండి.

మార్కులు ఇంకా రాలేదు. కానీ ఇప్పుడు మా అక్క బస్సు దిగాక నిజంగానే ఫోన్ చేస్తోందట. పొద్దున్నే లేచి మరీ ఎత్తుతోంది కూతురు.