కోసిచ్చే గోలీ

పొద్దుగూకాక తాండూరులో ఏదైనా మందుల దుకాణం ముందు కాసేపు నిలబడండి. నాపరాళ్ల పాలిష్ దుమ్ము చేతులకు అంటుకునే ఉంటుంది, "అన్నా, కడుపు సాఫ్ అయ్యే గోలియ్యి" అంటాడు పని దిగి వచ్చినాయన. కత్తెర షీటును కోస్తుంది. రెండు గోలీలు కాగితంలో పడతాయి. ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నావని అడిగేవారుండరు. కోసిన ముక్క మీద మందు పేరూ, గడువు తేదీ కూడా మిగలవు.

తాండూరులోనైనా వికారాబాద్‌లోనైనా ఈ తీరు అమ్మకం ఆగాలి.

ఆ గోలీ తరచూ బిసకోడిల్. పక్కనే వేలాడే చూర్ణాల్లో చాలావాటిలో ఉండేది సునాముఖి. ఆకే కదా అనుకుంటారు గానీ, రెండూ పెద్దపేగును రెచ్చగొట్టి కదిలించేవే. ఒకటి రెండు రోజులకైతే మంచి మందే. పెద్దవాళ్లు రాత్రి 5 మిల్లీగ్రాముల గోలీ నమలకుండా నీళ్లతో మింగితే 6 నుంచి 12 గంటల్లో పని చేస్తుంది. పాలతో వేసుకుంటే పైపూత పొట్టలోనే కరిగి మంట పెడుతుంది. వారమైనా గోలీ లేనిదే కడుపు కదలడం లేదంటే డాక్టరును కలవాల్సిందే.

రోజూ మింగితే నీరు, పొటాషియం పోతాయి. ఎండలో బండలు కోసే మనిషి ఒంట్లో నీరు ముందే చెమటగా పోయి ఉంటుంది. పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి, గుండె లయ తప్పవచ్చు. బీపీకి నీరు తీసే మాత్ర వాడే పెద్దలకు ముప్పు ఇంకా ఎక్కువ. కడుపునొప్పి, వాంతులు ఉన్నప్పుడైతే అసలు ముట్టకూడదు. అపెండిక్స్ వాచి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. సన్నబడాలని వేసుకునే ఆడపిల్లలకూ ఒక మాట: తిన్నదాన్ని చిన్నపేగు అప్పటికే పీల్చుకుంటుంది తల్లీ, పోయేది నీరే.

బ్రిటన్ 2020లో మామూలు దుకాణాల్లో ఈ మందుల ప్యాకెట్లను చిన్నవి చేసి, 18 ఏళ్లు నిండినవారు వాడేందుకే అమ్మాలంది. మన దగ్గర కనీసం ఫార్మసిస్టు కౌంటర్ వెనుక నిలబడి రెండు ప్రశ్నలు అడగాలి, పేరూ గడువూ రాసివ్వాలి. చూర్ణం పొట్లం మీద సునాముఖి ఎంతుందో తెలుగులో పెద్దక్షరాల్లో ఉండాలి. ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి రావాలి.

పాలిష్ యూనిట్ల యజమానులకూ ఇందులో బాధ్యత ఉంది. మరుగుదొడ్డి లేనిచోట పనిచేసే ఆడమనిషి నీళ్లు తాగడమే మానుకుంటుంది. మలబద్ధకం అక్కడే మొదలవుతుంది. తాగునీరు, మరుగుదొడ్డి ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచే ఉన్న నియమం. ఈ ఎండాకాలం రాకముందే ప్రతి యూనిట్‌లో అవి రెండూ కనబడాలి.