వేలు పెట్టే ముందు నోరు తెరవండి

వెనకటి రోజుల్లో షావుకారు ఖాళీ ప్రామిసరీ నోటు ముందు పెట్టి, "ఇక్కడ వేలెయ్యరా, మిగతాది నేను రాసుకుంటాలే" అనేవాడు. వంద ఇచ్చి అయిదొందలు రాసుకునేవాడు. 1977లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఋణ విముక్తి చట్టం వచ్చింది. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్ళ పాత బాకీలు చెల్లనక్కరలేదని చెప్పింది. కాని తేదీ లేని నోటు పెట్టెలో దాచుకున్నవాడు కొత్త తేదీ వేసుకుంటే చట్టం ఏం చెయ్యగలదు? అందుకే సంఘంలో పెద్దవాళ్ళు మాకు నేర్పిన మొదటి మాట: రాయని కాగితం మీద వేలెయ్యొద్దు.

ఇప్పుడు కాగితం పోయి మిషను వచ్చింది. వేలు మాత్రం మనదే. ఉపాధి పని కూలి, పింఛను బ్యాంకు ఖాతాలో పడుతున్నాయి. బ్యాంకేమో మండల కేంద్రంలో ఉంది. ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని అక్కడికి పోయి వరసలో నిలబడే బదులు, ఊళ్ళో మిషను పెట్టుకున్న కుర్రాడి దగ్గరికే పోతున్నాం. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే డబ్బు వస్తుంది. సంతకం అక్కర్లేదు, రహస్య నంబరు అక్కర్లేదు. సులువే. ఆ సులువులోనే మోసం దూరుతోంది.

ఎలా దూరుతుందో చూడండి. వేలు పెట్టిస్తాడు. "పడలేదమ్మా, మళ్ళీ పెట్టు" అంటాడు. నాట్లేసి, కలుపుతీసి గీతలరిగిన వేళ్ళు మనవి. నిజంగానే పడకపోవచ్చు. కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మొదటిసారే సొమ్ము తీసేసుకుని, రెండోసారి తీసింది మన చేతిలో పెట్టే మోసగాళ్ళున్నారు. ఇంకొకడు మూడు వేలు నొక్కి రెండు వేలు ఇస్తాడు. వేరొకడు "సర్వర్ లేదు, రేపు రా" అంటాడు, సొమ్ము ఆ పూటే తీసేసుకుంటాడు. తెర మీద అంకె అతనికే కనిపిస్తుంది, మనకు కనపడేది అతని మొహమే.

అసలు వేలు పెట్టకుండానే వేలిముద్ర కాజేసినవాళ్ళూ ఉన్నారు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిం కార్డుల వ్యాపారి, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలకు రబ్బరు నకళ్ళు చేసి వేరేవాళ్ళ పేర్ల మీద వేల సిం కార్డులు తీశాడు. తర్వాత్తర్వాత అదే పద్ధతిలో బ్యాంకు ఖాతాలకే కన్నం వేసిన ముఠాలను పోలీసులు పట్టుకున్నారు.

ఇలాంటివి బయటపడినప్పుడల్లా ఆఫీసర్లు, "చదువులేనివాళ్ళు, జాగ్రత్త ఉండదు" అంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలేసిన రైతు ఏ జాగ్రత్త తప్పాడు? ఆ పత్రాలను అందరికీ కనపడేట్టు పెట్టింది ఎవరు? వేలిముద్రకు తాళం వేసుకునే సౌకర్యం ఉందంటారు. ఉంది, నిజమే. కాని రేషన్ బియ్యానికి వేలు, పింఛనుకు వేలు. నెలలో నాలుగుసార్లు తాళం వేసి తీయడానికి కూలివాడి దగ్గర ఆ ఫోనుందా, ఆ తీరికుందా? ఉన్నవాడికి పనికొచ్చే తాళం అది.

మిషను పెట్టుకున్న ప్రతివాడూ దొంగ అనడం లేదు. వాడూ మన ఊరి నిరుద్యోగే, చాలీచాలని కమీషన్ మీద బతికేవాడే. శాఖలు పెట్టి గుమాస్తాలను వెయ్యవలసిన బ్యాంకులు, ఆ బాధ్యతను వాడి భుజం మీదికి, నష్టాన్ని మన నెత్తి మీదికి తోసేశాయి. అసలు నిలదీయవలసింది వాళ్ళను.

నిలదీసేదాకా చేతులు ముడుచుకు కూచోనక్కరలేదు. ఒంటరిగా పోవద్దు, చదువు వచ్చిన పిల్లనో పిల్లాడినో వెంట పెట్టుకు పోండి. వేలు పెట్టే ముందే ఎంత తీస్తున్నావని పైకి అడగండి, తెర తిప్పి చూపించమనండి. "పడలేదు" అంటే పడలేదని తెలిపే చీటీ ఇచ్చాకే రెండోసారి పెట్టండి. డబ్బు వచ్చినా చీటీ అడగండి, చీటీ ఇవ్వనివాడి దగ్గర వేలు పెట్టొద్దు. ఖాతాకు మీ సొంత ఫోను నంబరు ఎక్కించుకోండి, ఆపరేటరు నంబరు కాదు. నెలకొకసారి పేటలో ఒకరు అందరి పాసు పుస్తకాలూ బ్యాంకుకు తీసుకుపోయి అచ్చు వేయించుకు రావాలి.

సొమ్ము పోయిందని తెలిస్తే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఖాతాదారు తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా బయటివాడు సొమ్ము కాజేస్తే, కబురు అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవాడికి నష్టం అంటకూడదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. బ్యాంకు మేనేజరు ఈ సంగతి తనంతట తాను చెప్పడు. మనమే అడగాలి.

ఒక్కరు అడిగితే "నమ్మకం లేదా?" అని కుర్రాడు నొచ్చుకుంటాడు, మొహమాటపడి ఊరుకుంటాం. పేట పేటంతా అడిగితే అది ఊరి కట్టుబాటు అవుతుంది, నికార్సయినవాడికీ మేలు చేస్తుంది. ప్రతి లావాదేవీకి అచ్చు చీటీ, తీసిన మొత్తాన్ని తెలుగులో పైకి చెప్పే మిషను, వారానికొకరోజు ఊరికే వచ్చే బ్యాంకు గుమాస్తా: ఈ మూడింటి కోసం గ్రామసభల్లో తీర్మానాలు చేయించండి. కట్టగట్టుకుని పోయి బ్యాంకు మేనేజరు చేతికివ్వండి.