పొగ కనబడకపోతే ప్రమాదం లేనట్టేనా?



చలికాలం వస్తే మన మన్యంలో రెండు రకాల సందడి. లంబసింగి మంచు, వంజంగి మేఘాలు చూడ్డానికి వచ్చే టూరిస్టులది ఒకటి. ఇంట్లో మంట చుట్టూ చేరే మనది ఇంకొకటి. ఈ రెండింటి మధ్యలోకి ఇప్పుడు గ్యాస్ రూమ్ హీటర్ వచ్చింది. సిలిండర్‌కి పైపు తగిలించి గదిలో వెలిగించడమే, పొగగొట్టం అక్కర్లేదు, పొగే రాదు అని అమ్మేవాళ్ళు చెబుతారు. హోమ్‌స్టేలు, టెంట్లు నడిపే మన కుర్రాళ్ళకి ఇది బాగానే కనిపిస్తుంది. గెస్టు చలి అంటాడు, మనకి రేటింగ్ కావాలి మరి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎప్పుడూ తెరిచి ఉండే గాలి కన్నం లేని గదిలో ఆ హీటర్ పెట్టకూడదు. కన్నం ఉన్నా సరే, దాన్ని వెలిగించి ఎవరూ నిద్రపోకూడదు. టెంటులో అయితే అసలు వద్దు. హీటర్ ఒక్కటే కాదు, బొగ్గుల కుంపటికీ ఇదే వర్తిస్తుంది.

2020 జనవరిలో నేపాల్‌లోని డామన్ అనే హిల్ స్టేషన్‌లో ఏం జరిగిందో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. కేరళ నుంచి వెళ్ళిన టూరిస్టుల్లో ఎనిమిది మంది, పిల్లలతో సహా, చలికి ఒకే గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్నారు. తలుపులు, కిటికీలు మూసే ఉన్నాయి. తెల్లారాక ఒక్కరూ లేవలేదు. ఊపిరాడకే పోయారని అప్పుడు వార్తలు వచ్చాయి. అది కూడా రిసార్టే, వాళ్ళు కూడా గెస్టులే.

ఏ మంటైనా గదిలోని ఆక్సిజన్ తింటుంది. ఆక్సిజన్ సరిపడా దొరక్కపోతే గ్యాస్ గానీ బొగ్గు గానీ సరిగ్గా కాలదు, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే ముక్కుకి తెలుస్తుంది, ఎందుకంటే ఆ వాసన కంపెనీవాళ్ళు కావాలని కలిపింది. ఈ విషవాయువుకి అలాంటిదేమీ కలపరు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే ఇది 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాడికి ఆ తలనొప్పి కూడా తెలియదు. బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి, పొగ లేదు, ఇక లోపల పెట్టుకోవచ్చు అనుకుంటాం చూడండి, సరిగ్గా అక్కడే మోసపోతాం. పొగ కళ్ళు మండించి మనల్ని బయటికి తరుముతుంది, ఇది జోకొడుతుంది.

మరి మన తాతలు ఇంటి మధ్యలోనే మంట పెట్టుకుని పడుకునేవారు కదా అని అడుగుతారు. నిజమే. ఆ ఇల్లు ఎలా ఉండేదో కూడా గుర్తు చేసుకోండి. మట్టి గోడకీ గడ్డి కప్పుకీ మధ్య చుట్టూ ఖాళీ ఉండేది. పొగ పైకి లేచి, అటక మీది విత్తనాలకి పట్టి, పురుగు రాకుండా చేసి, కప్పు సందుల్లోంచి పోయేది. కింద తలుపు సందులోంచి కొత్త గాలి వచ్చేది. ఆ పొగ మన అమ్మమ్మల కళ్ళనీ ఊపిరితిత్తులనీ పాడుచేసింది, అది దాచక్కర్లేదు. కానీ ఇల్లు ఊపిరి పీల్చేది.

ఇప్పుడు ఇళ్ళు మారాయి. జన్‌మన్ కింద గానీ, వేరే స్కీములో గానీ పక్కా ఇల్లు వస్తోంది, రావాలి కూడా. స్లాబు వేసి, చుట్టూ ప్లాస్టరింగ్ చేసి, ఇనుప తలుపు బిగిస్తే కప్పు దగ్గర ఖాళీ పోయింది. మంట మాత్రం మనతోపాటే లోపలికి వచ్చింది. వెంటిలేటర్ పెట్టినా చలికి దాన్లో గోనెసంచి కుక్కేస్తాం. దీనికి ఇంట్లోవాళ్ళని తిట్టి లాభం లేదు. రాత్రి చలి ఎంత ఉంటుందో తెలిసిన ఏరియాలో, మంట అవసరమని తెలిసీ, మైదానం ఇంటి ప్లానే ఇక్కడా ఇవ్వడం సరికాదు. పొగగొట్టం ఉన్న వంటగది మన ఇంటి ప్లాన్‌లో ఉండాలని ఐటీడీఏని అడగాలి. ఇది సౌకర్యం కోసం అడిగేది కాదు.

పొగగొట్టం లేని గ్యాస్ మంటని బ్రిటన్‌లో ఇళ్ళల్లో వాడతారు. అక్కడ దాన్ని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన మనిషే బిగించాలి. గది ఇంత పెద్దదిగా ఉండాలని కంపెనీ ముందే రాసి ఇస్తుంది. తెరుచుకునే కిటికీ ఉండాలి. అది కాక గోడకి ఎప్పుడూ మూయకూడని కన్నం, మామూలుగా కనీసం 100 చదరపు సెంటీమీటర్లది, ఉండాలి. అంటే 10 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు. అంతే. "కన్నం పెడితే చలి వస్తుంది, ఇక హీటర్ ఎందుకు" అనేవాళ్ళకి నా జవాబు ఈ కొలతే.

మేస్త్రీకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. కన్నం పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి. కాలిన వేడి గాలి పైకి పోతుంది. లీకైన వంటగ్యాస్ మాత్రం గాలి కంటే బరువు, అది నేల మీదే పరుచుకుంటుంది, కిటికీ ఎత్తుకి రాదు. కిలో గ్యాస్ కాలితే సుమారు కిలోన్నర నీటి ఆవిరి కూడా గదిలోనే మిగులుతుంది. హీటర్ పెట్టాక గోడలు చెమర్చాయంటే స్లాబు కారుతోందని మేస్త్రీ మీదికి వెళ్ళకండి, అది ఆ నీరే.

మన హోమ్‌స్టేలకైతే నేను చెప్పేది సింపుల్. మంట ఆరుబయట నెగడు దగ్గరే. గదిలోకి మందం దుప్పట్లు, వేడినీళ్ళ రబ్బరు సంచి ఇవ్వండి. గెస్టు కుంపటి లోపలికి అడిగితే, డబ్బులిస్తానన్నా, కుదరదని చెప్పండి. ఎందుకు కుదరదో కూడా చెప్పండి, చాలామంది థాంక్స్ చెప్పే వెళ్తారు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది కొని గదిలో పెట్టడం మంచిదే, కానీ కన్నం బదులు అది పనికిరాదు.

ఎవరైనా మంట ఉన్న గదిలో లేవకుండా పడి ఉంటే ముందు తలుపులన్నీ తెరవండి, మనిషిని బయటి గాలిలోకి లాగండి, 108కి ఫోన్ చేయండి. ఆ గదిలోనే కూర్చుని మొహం మీద నీళ్ళు చల్లుతూ ఉండకండి, మీరూ పడిపోతారు. ఆసుపత్రిలో "గదిలో కుంపటి ఉంది" లేదా "గ్యాస్ హీటర్ ఉంది" అని తప్పకుండా చెప్పండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ ఈ కేసుల్లో 98 చూపించినా నమ్మడానికి లేదు, అతుక్కుంది ఆక్సిజనో విషమో ఆ మామూలు మీటర్ విడదీసి చెప్పలేదు. అంకె బాగుందని ఇంటికి పంపేస్తామంటే ఒప్పుకోకండి, ఆక్సిజన్ పెట్టమని అడగండి.

సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు మీ వీధిలో స్లాబు ఇళ్ళు ఎన్ని ఉన్నాయి, ఎన్నింటికి పైన వెంటిలేటర్ తెరిచి ఉంది, ఎన్నింట్లో రాత్రి కుంపటి పెడుతున్నారు అని లెక్క రాసుకుని రండి. ఐటీడీఏకి ఇచ్చే కాగితంలో ఊరి పేరుతో సహా అది ఉండాలి.